బేస్ వినపడటం లేదంటే ముందు కుడిచెయ్యి చూడాలి: ఒక కేస్ స్టడీ

అనంతపురం జిల్లాలో పెళ్ళి రిసెప్షన్లకూ, వినాయక చవితి పందిళ్ళకూ పాటల ప్రోగ్రాములు చేసే ఒక ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించే యువకుడి కేసు ఇది. పేరు, ఊరు, ట్రూపు వివరాలు వదిలేస్తున్నాను. ఇదే ఫిర్యాదుతో వచ్చే బేసిస్టులు చాలామందే ఉంటారు. ఈ కేసులో మాత్రం ప్రతి దశలోనూ టేపు పెట్టి కొలిచే వీలు, నేరుగా రికార్డు చేసి పోల్చే వీలు దొరికాయి. అందువల్ల ఏ మార్పు ఎందుకు పనిచేసిందో, ఏది ఎందుకు బెడిసికొట్టిందో విడివిడిగా చెప్పవచ్చు.

నేపథ్యం

మొదట కీబోర్డు వాయించేవాడు. ట్రూపులో బేస్ మనిషి మానేస్తే ఆ చోటుకి వచ్చాడు. వీడియోలు చూసి సొంతంగా నేర్చుకున్నాడు. శ్రుతిజ్ఞానం బాగుంది, లయ గట్టిది, ఎడమచెయ్యి శుభ్రంగా నడుస్తుంది. ఈ మూడూ బాగున్నాయి కాబట్టే కుడిచేతి లోపం ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదు.

గిటార్ నాలుగు తీగలది: లావు నుంచి సన్నానికి ఇ, ఏ, డి, జి. 1960లో ఫెండర్ తెచ్చిన జాజ్ బేస్ నమూనా, రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేవి), రెండు వాల్యూమ్‌లు, ఒక టోన్, లోపల బ్యాటరీ లేదు. నట్ (గిటార్ మెడ, అంటే నెక్, పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే దిమ్మ) దాకా తీగ పొడవు 34 అంగుళాలు, అంటే 864 మిల్లీమీటర్లు. తీగల మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో 45 నుంచి 105, పైన గుండ్రటి నికెల్ తీగ చుట్టిన రౌండ్‌వౌండ్ రకం. స్టేజీ మీద సొంత ఆంప్ లేదు. డీఐ బాక్సు (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే పెట్టె) నుంచి నేరుగా మిక్సర్‌లోకి వెళ్తుంది. సౌండ్ సిస్టం వాళ్ళు పెట్టేవి ఎక్కువగా 15 అంగుళాల టాప్‌లు, అంటే మామూలు స్పీకర్లు. కింది స్వరాల కోసం పెట్టే సబ్‌లు పెద్ద ప్రోగ్రాములకే వస్తాయి.

సమస్య

అతని మాటల్లోనే: "అన్నా, ఇంట్లో వాయిస్తే కిటికీలు అదుర్తాయి. స్టేజీ ఎక్కినాక నేను వాయించినా మానుకున్నా ఎవురికీ తెలీదు. సౌండాయన్ని అడిగితే నీ ఫేడర్ పైకే ఉంది, ఇంకేం చేసేది అంటాడు."

కొంచెం గుచ్చి అడిగితే ఇంకో మూడు బయటికొచ్చాయి. పదో ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు గీత) దాటాక వేసే ఫిల్స్ (పాట లైన్ల మధ్య ఖాళీలో వేసే చిన్న ముక్కలు) పూర్తిగా మాయమవుతున్నాయి. రికార్డింగుల్లో నోటుతో పాటు టక్కుటక్కుమని చప్పుడు వస్తోంది. ప్రోగ్రాం రెండో గంటలో ముంజేయి లోపలివైపు పట్టేసి, వేళ్ళు బరువెక్కుతున్నాయి.

ఈ నాలుగూ వేరువేరు జబ్బులుగా కనిపిస్తాయి. ఒక్కోదానికి ఒక్కో మందు వేసుకుంటూ పోతే ఆంప్, పెడల్, తీగలు, నొప్పి తైలం, ఇలా ఖర్చు పెరుగుతుంది. అతను అప్పటికే ఆ దారిలో సగం దూరం నడిచాడు.

చెయ్యి ఎక్కడుంది, ఏం చేస్తోంది

ఆంప్ ముట్టుకోకుండా, నాలుగు పాటలు వాయించమని చూస్తే విషయం సగం అక్కడే తేలింది. బొటనవేలు ఫ్రెట్‌బోర్డు చివరి మూలకి ఆనించి ఉంది. వేళ్ళు తీగని మీటే చోటు బ్రిడ్జ్ సాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న మెట్టు) నుంచి కొలిస్తే 23 సెంటీమీటర్లు. పాట ఏదైనా, ఎడమచెయ్యి ఏ ఫ్రెట్ దగ్గరున్నా, కుడిచెయ్యి అక్కడి నుంచి కదలదు. మీటే తీరు కూడా గమనించాలి. వేలు తీగ కిందికి సగం కణుపు దాకా దిగి, కొక్కెంలా వంగి, తీగని పైకి లాగి వదులుతోంది. వదిలిన తీగ తిరిగొచ్చి చివరి ఫ్రెట్ల మీద కొట్టుకుంటోంది. టక్కుమనే చప్పుడు అదే. మణికట్టు బాగా మడతపడి ఉంది. స్ట్రాప్ పొడవు వల్ల గిటార్ తొడల దాకా జారింది, నెక్ దాదాపు నేలకి సమాంతరంగా ఉంది. ముంజేయి గిటార్ అంచు మీదుగా పైనుంచి కిందికి వేలాడుతోంది.

తర్వాత ఒక చిన్న పరీక్ష పెట్టాం. ఏ బేసిస్టుకైనా పెట్టదగిన పరీక్ష ఇది. గిటార్‌ని నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి కలిపి, వాల్యూమ్‌లు, టోన్ పూర్తిగా తెరిచి, ఈక్యూ (గొంతు దిద్దే సర్దుబాట్లు) ఏమీ లేకుండా ఒకే నోటుని మూడు చోట్ల వాయించాలి: డి తీగ ఓపెన్, ఏ తీగ ఐదో ఫ్రెట్, ఇ తీగ పదో ఫ్రెట్. మూడూ 73.4 హెర్ట్జే. లావు తీగకి గొంతు కొంత లావుగా రావడం మామూలే. ఇతని రికార్డింగులో తేడా అంతకు మించి ఉంది. ఓపెన్ తీగ ఫర్వాలేదు, ఐదో ఫ్రెట్ దగ్గర మొద్దుబారింది, పదో ఫ్రెట్ దగ్గర దుప్పటి కప్పినట్టుంది.

కారణం నిష్పత్తిలో ఉంది. తీగ గొంతుని నిర్ణయించేది బ్రిడ్జ్ నుంచి ఎన్ని సెంటీమీటర్ల దగ్గర మీటామన్నది ఒక్కటే కాదు. మోగే తీగ పొడవులో ఎన్నో వంతు దగ్గర మీటామన్నది అసలు లెక్క. 23 సెంటీమీటర్లంటే ఓపెన్ తీగలో 0.27 వంతు. ఐదో ఫ్రెట్ నొక్కితే మోగే పొడవు 64.7 సెంటీమీటర్లకి తగ్గి, అదే చోటు 0.36 వంతు అవుతుంది. పదో ఫ్రెట్‌లో 0.47. పన్నెండో ఫ్రెట్‌లో మోగే పొడవు 43.2 సెంటీమీటర్లే కాబట్టి 0.53, అంటే దాదాపు తీగ నడిమధ్య. తీగని నడిమధ్య మీటితే రెండు, నాలుగు, ఆరు, ఇలా సరి సంఖ్యల హార్మోనిక్స్ (మూలస్వరంతో పాటు, దాని ఫ్రీక్వెన్సీకి అన్ని రెట్లలో మోగే స్వరాలు) దాదాపు పుట్టవు. మూలస్వరం మాత్రం నిండుగా వస్తుంది, పైన ఉండాల్సిన పదును రాదు. పదో ఫ్రెట్ దాటిన ఫిల్స్ మాయమవడానికి ఇంతకన్నా వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఓపెన్ తీగల దగ్గర కూడా ఆ చోటు అనుకూలం కాదు. 0.27 అంటే నాలుగోవంతుకి దగ్గర. అక్కడ మీటితే నాలుగో హార్మోనిక్ బాగా బలహీనపడుతుంది. ఏ తీగలో నాలుగో హార్మోనిక్ 220 హెర్ట్జ్, ఇ తీగలో 165. స్టేజీ మీద బేస్ ఏ నోటు పలికిందో జనానికి తెలియజెప్పేది ఈ ప్రాంతమే. ఇ తీగ మూలస్వరం 41 హెర్ట్జ్‌ని మామూలు టాప్ స్పీకరు సరిగా పలకలేదు. మూలస్వరం అందకపోయినా పై హార్మోనిక్స్ ఉంటే చెవి ఆ నోటుని తనే పోల్చుకుంటుంది. ఇతని చేతిలో ఆ పైవి లేవు, స్పీకర్లో కిందిది లేదు. ఇంట్లో చిన్న గదిలో మూలస్వరం గోడలకి తగిలి గుమ్మని నిండుతుంది కాబట్టి అక్కడ బ్రహ్మాండంగా వినపడుతోంది.

పనిచేయనివి

రాకముందే అతను చేసినవి రెండు. మిక్సర్లో బాస్ నాబ్ పెంచమని అడిగాడు, తీగలు మార్చాడు. బాస్ నాబ్ పెంచితే లేచేది వంద హెర్ట్జ్ లోపలిది. ఆ చోట అప్పటికే రిథమ్ ప్యాడ్స్‌లోని కిక్, డోలక్ ఎడమవైపు దరువు, కీబోర్డు ఎడమచెయ్యి మూడూ కూర్చుని ఉన్నాయి. కిక్కిరిసిన బస్సులో ఇంకొకణ్ణి తోసినట్టయింది. మొత్తం మిక్స్ బురద అయ్యేసరికి సౌండాయన బేస్ ఫేడరే తగ్గించేవాడు. కొత్త రౌండ్‌వౌండ్ తీగలు నిజంగానే కొంత మేలు చేశాయి, కానీ మన ఎండలకి, స్టేజీ లైట్లకి కారే చెమటతో ఆ మెరుపు త్వరగా చచ్చిపోయింది. తీగలు ప్రతిసారీ తుడుచుకోవడం మంచి అలవాటే. అయినా మీటే చోటు పుట్టించని హార్మోనిక్‌ని కొత్త తీగ తెచ్చిపెట్టదు.

ఆ తర్వాత మా దగ్గర పరీక్షించిన వాటిలో మొదటిది బ్రిడ్జ్ పికప్ ఒక్కదాన్నే వాడటం. మధ్యస్థాయి బాగా లేచింది, కానీ హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే రొద) కూడా లేచింది. సింగిల్ కాయిల్ పికప్‌లు రెండూ సమానంగా తెరిస్తేనే ఒకదాని హమ్‌ని ఇంకొకటి కొట్టేస్తుంది. జనరేటర్ మీద, సరైన ఎర్తింగ్ లేని పందిట్లో ఒక్క పికప్‌తో వాయిస్తే పాటకీ పాటకీ మధ్య స్పీకర్లు గీపెడతాయి. అందుకే రెండు వాల్యూములూ నిండుగా తెరిచి అలాగే ఉంచాలని నిర్ణయించాం. రెండూ నిండుగా తెరిచినప్పుడు మధ్యస్థాయి కొంత లోతుకి పోతుంది. ఆ లోటుని చేత్తోనే పూడ్చాలి.

రెండోది కంప్రెసర్ పెడల్, తన స్నేహితుడి దగ్గర్నుంచి తెచ్చాడు. కంప్రెసర్ సమం చేసేది మోతని, గొంతుని కాదు. పదో ఫ్రెట్ నోటు పెద్దదైంది, దుప్పటి మాత్రం తొలగలేదు. పైగా ఫ్రెట్ చప్పుడు కంప్రెసర్ పట్టుకునేలోపే దాటిపోయి, వెనకొచ్చే నోటు అణిగి, టక్కుమనేది ఇంకా ముందుకొచ్చింది.

బ్రిడ్జ్ దగ్గర తీగల కింద స్పాంజి ముక్క పెట్టడం కూడా చూశాం. మోటౌన్ అనే అమెరికన్ రికార్డు కంపెనీకి వాయించిన జేమ్స్ జేమర్‌సన్, ఫెండర్ వాళ్ళదే ప్రెసిషన్ బేస్ మీద నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు, స్పాంజి, కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడి మోటౌన్ రికార్డింగుల్లో ఎంత స్పష్టంగా పలికించాడో బేసిస్టులందరికీ తెలుసు. స్పాంజి వల్ల నోట్ల మధ్య గుమగుమ తగ్గింది. కానీ నోటు త్వరగా ఆరిపోయి, మెలోడీ పాటల్లో సాగదీయాల్సిన బేస్ తెగిపోయింది. తీసేశాం.

ఇక అందరికీ ముందుగా తట్టేది, చెయ్యి బ్రిడ్జ్ వైపు జరపడం. పేరున్న జాజ్ బేసిస్టు జాకో పాస్టోరియస్ బ్రిడ్జ్ పికప్ మీద మీటేవాడని విని ఇతనే అడిగాడు. ఉన్నపళంగా 6 సెంటీమీటర్ల దగ్గరికి జరిపితే ఏమవుతుందో లెక్క ముందే చెబుతుంది. తీగని అంతే దూరం లాగడానికి అక్కడ దాదాపు మూడు రెట్లు బలం కావాలి. అదే బలంతో మీటితే మూలస్వరం సుమారు 11 డెసిబెల్స్ పడిపోతుంది. బలంగా లాగడం అలవాటైన చెయ్యి పడిపోయిన మోతని బలంతోనే పూడ్చబోతుంది. రెండు వారాలు తనే అలా వాయించుకుని వచ్చాడు. మధ్యవేలి కొసన బొబ్బ, ముంజేతి నొప్పి ముందుకన్నా ఎక్కువ, టోన్ సన్నగా గీరుకుపోతోంది. దిక్కు సరైందే. దూరం ఎక్కువ, వరస తప్పు. బలం తగ్గకుండా చోటు మారిస్తే చెయ్యి దెబ్బతింటుందని ఇక్కడ స్పష్టంగా తేలింది.

ఈ దశలో ఇంకో ప్రశ్న ఎదురైంది. తీగలు ఫ్రెట్లకి కొట్టుకుంటున్నాయి కదా, ఏక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) పైకి లేపితే సరిపోదా? చప్పుడు ఆ రోజుకి ఆగుతుంది. కానీ బరువైన చేతికి గిటార్‌ని సర్దినట్టవుతుంది, ఆ చెయ్యి ఇక తేలికపడదు. అందుకే గిటార్ సెటప్‌ని కావాలనే చివరికి వాయిదా వేశాం.

పనిచేసిన వరస

బలం ముందు. ఇంటర్‌ఫేస్ గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్ స్థాయి) బాగా పెంచి, మీటర్ చూస్తూ, మెట్రోనోమ్ 60 మీద ఓపెన్ ఏ తీగ ఒక్కటే. చూపుడువేలు, మధ్యవేలు, ఒకటి విడిచి ఒకటి. వేలికొస తీగ కిందికి 3, 4 మిల్లీమీటర్లకి మించి దిగకూడదు. తీగని పైకి లాగకూడదు. వేలు గిటార్ ఒంటి వైపు, కొంచెం లోపలికి నెట్టుకుంటూ తీగని దాటి, వెనక ఉన్న ఇ తీగ మీదికి వచ్చి ఆగాలి. ఆగడం ముఖ్యం. ఆగిన వేలు ఇ తీగ అనవసరంగా మోగకుండా కూడా పట్టుకుంటుంది. ఇ తీగనే మీటేటప్పుడు వేలు బొటనవేలి వైపుకొచ్చి ఆగుతుంది.

మొదట్లో అతనికి ఇది వాయించినట్టే అనిపించలేదు. "ఇంత మెల్లగా మీటితే ఎట్లన్నా, సత్తువ లేనట్టుంది" అన్నాడు. హెడ్‌ఫోన్‌లో విన్నాక ఒప్పుకున్నాడు. గట్టిగా మీటినప్పుడు నోటు మొదట్లో శ్రుతి కాస్త పైకి పోయి, ఫ్రెట్‌కి తగిలి, సగం శక్తి ఆ చప్పుట్లోనే ఖర్చయి, వెనకొచ్చే నోటు చిన్నదవుతోంది. తేలిగ్గా మీటి గెయిన్ పెంచితే నోటు మొదలు చిన్నది, ఒళ్ళు పెద్దది. మిక్స్‌లో నిలబడేది ఆ ఒళ్ళే.

మీటర్ ఇంకో సంగతి బయటపెట్టింది. మధ్యవేలు మీటిన ప్రతి నోటూ చూపుడువేలి నోటుకన్నా నాలుగైదు డెసిబెల్స్ పెద్దది. మధ్యవేలు పొడవు, పైగా నిటారుగా ఉండి కొస గోరుతో తీగని గీస్తోంది. గోరు మొదలంటా కత్తిరించి, మధ్యవేలు మధ్య కణుపు దగ్గర ఇంకాస్త వంచి, రెండు వేలికొసలూ తీగ మీద ఒకే వరసలో పడేలా అరచేతిని బొటనవేలి మీద కొద్దిగా తిప్పించాం. తేడా రెండు డెసిబెల్స్ లోపలికి వచ్చేదాకా మెట్రోనోమ్ పెంచలేదు. ఈ పని విసుగు పుట్టిస్తుంది, అయినా తప్పించుకునే దారి లేదు. వేళ్ళ మధ్య తేడా ఉన్నంత కాలం వేగంగా వాయించే పాటల్లో ఒక నోటు వినపడి ఒకటి వినపడదు. చూసేవాళ్ళు దాన్ని లయ తప్పడం అనుకుంటారు.

తర్వాత మణికట్టు. స్ట్రాప్ కుదించి గిటార్ పై అంచు పక్కటెముకల కిందికి వచ్చేలా పెట్టాం. నెక్‌ని నేలకి ముప్ఫై, నలభై డిగ్రీల దాకా ఎత్తించాం. ముంజేయి గిటార్ అంచుకి ఆనే చోటుని మణికట్టు నుంచి మోచేతి వైపు జరిపాం. ఈ మూడు చేస్తే మణికట్టు దానంతటదే తిన్నగా వస్తుంది. మణికట్టుని తిన్నగా పెట్టు అని నోటితో ఎన్నిసార్లు చెప్పినా రాదు, ఎందుకంటే వంగినది మోచెయ్యి ఉన్న చోటు వల్ల. మణికట్టు మడిచి వేళ్ళు ఆడిస్తే, వేళ్ళని లాగే స్నాయువులు ఇరుకైన సందులో మూల తిరిగి రాసుకుంటాయి. నొప్పి మూలం అదే. ఇతనికి తిమ్మిరి లేదు, వేళ్ళ పట్టు తగ్గలేదు. అవి ఉండి ఉంటే సాధన ఆపించి ముందు డాక్టర్ దగ్గరికి పంపేవాళ్ళం.

అప్పుడు చోటు. గిటార్ ఒంటి మీద, జి తీగ పక్కన, సాడిల్ నుంచి 15, 11, 8 సెంటీమీటర్ల దగ్గర మూడు చిన్న టేపు ముక్కలు అంటించాం. ఎడమచెయ్యి ఓపెన్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా ఉంటే కుడిచెయ్యి 15 దగ్గర. ఐదు నుంచి తొమ్మిదో ఫ్రెట్ దాకా 11 దగ్గర. పది, ఆపైన 8 దగ్గర. ఈ అంకెలు ఊరికే ఎంచినవి కావు. ఎడమచెయ్యి ఎక్కడున్నా మీటే చోటు మోగే పొడవులో దాదాపు 0.17 నుంచి 0.22 వంతు మధ్య నిలిచేలా లెక్కగట్టినవి. పన్నెండో ఫ్రెట్ దగ్గర 8 సెంటీమీటర్లంటే 0.19. పాత చోటులో అదే 0.53.

23 నుంచి 15కి జరిగితే ఓపెన్ తీగలో వచ్చే మార్పు కూడా లెక్కకి అందుతుంది. అదే బలంతో మీటినప్పుడు మూలస్వరం 3 డెసిబెల్స్ తగ్గుతుంది, మూడో హార్మోనిక్ నాలుగున్నర పెరుగుతుంది, నాలుగోది 12 దాకా పెరుగుతుంది. ఆదర్శ తీగకి వేసిన లెక్క ఇది. నిజం తీగకి బిరుసుదనం ఉంటుంది, వేలికొస మెత్తదనం పై హార్మోనిక్స్‌ని కొంత మింగుతుంది. పికప్ ఉన్న చోటు మారలేదు కాబట్టి పోలికలో దాని ప్రభావం కొట్టుకుపోతుంది. కింద కాస్త వదులుకుంటే పైన ఎంత దొరుకుతుందో అతనికి ఈ మూడు అంకెలు చూపించాక, "గుమ్మనేది తగ్గిపోతాదేమో" అన్న భయం పోయింది.

బొటనవేలు ఎక్కడ ఆనాలన్నదే ఇందులో కష్టమైన భాగం. ఒక్కచోట నాటుకున్న బొటనవేలే కుడిచేతిని ఇన్నాళ్ళూ కట్టేసింది. 15 దగ్గర నెక్ పికప్ అంచు, 8 దగ్గర బ్రిడ్జ్ పికప్ అంచు సహజంగా దొరుకుతాయి. మధ్యలో 11 దగ్గర ఆనడానికి ఏమీ లేదు. అక్కడ బొటనవేలు ఇ తీగ మీదే వాలాలి. ఏ, డి, జి తీగలు వాయించేటప్పుడు ఇ తీగని మూసినట్టూ అవుతుంది. ఇ తీగనే మీటాల్సి వస్తే మాత్రం వెనక్కి, 15 దగ్గరికి రమ్మన్నాం. ఆ స్థాయిలో ఇ తీగకి కొంచెం లావు ఉన్నా చెడదు. బొటనవేలు నొక్కడానికి కాదు, వాలడానికి మాత్రమే. పికప్ అంచు మీద గోరు తెల్లబడితే నొక్కుతున్నట్టే లెక్క.

చెయ్యి కదలడం నేర్పేటప్పుడు ఒక పొరపాటు తరచుగా వస్తుంది. ఫిల్ మొదలయ్యాక చెయ్యి పరుగెత్తుతుంది, అప్పుడు మొదటి రెండు నోట్లు పాత గొంతుతో, మిగిలినవి కొత్త గొంతుతో వస్తాయి. ఎడమచెయ్యి పైకి జారే క్షణంలోనే కుడిచెయ్యి కూడా బయల్దేరాలి. దీనికోసం జి తీగ మీద రెండో ఫ్రెట్, పన్నెండో ఫ్రెట్ రెండే నోట్లు, మధ్యలో ఒక మాత్ర ఖాళీ. ఆ ఖాళీలో రెండు చేతులూ కలిసి ప్రయాణించాలి. ఇది కుదిరాకే పాటల్లోకి తీసుకెళ్ళాం. పై తీగ నుంచి కింది తీగకి దిగేటప్పుడు, ఉదాహరణకి జి నుంచి డికి, వేళ్ళు మార్చకుండా అదే వేలితో ఈడ్చుకుంటూ దిగడం కూడా అప్పుడే చేర్చాం. మీటిన వేలు ఎలాగూ డి మీదే ఆగి ఉంటుంది కాబట్టి అది దానంతటదే వస్తుంది.

గిటార్ సెటప్ చిట్టచివర. మొదటి ఫ్రెట్ దగ్గర కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, చివరి ఫ్రెట్ నొక్కి, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో చూస్తే నెక్ దాదాపు తిన్నగా ఉంది. పొడి ఎండల్లో ఫ్రెట్‌బోర్డు కర్ర కుంచించుకుని నెక్ వెనక్కి వాలడం మన దగ్గర మామూలే. ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి వంపు సర్దే కడ్డీ) పావు చుట్టు వదులు చేసి, నెక్ కుదురుకోవడానికి ఒక రోజు ఆగి, 0.35 మిల్లీమీటర్ల వంపుకి తెచ్చాం. పదిహేడో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు ఇ వైపు 2.4, జి వైపు 2 మిల్లీమీటర్లు. ఇంకా మోత కావాలని తను పైకి లేపుకున్న పికప్‌లని కిందికి దించాం. చివరి ఫ్రెట్ నొక్కినప్పుడు తీగ అడుగుకీ పికప్‌కీ మధ్య ఇ వైపు 2.8, జి వైపు 2 మిల్లీమీటర్లు ఉంచాం. పికప్ మరీ దగ్గరైతే అయస్కాంతం లావు తీగని లాగి శ్రుతిని వణికిస్తుంది. ఈ ఏక్షన్ పాత చేతికైతే టక్కుటక్కులు ఇంకా పెంచేది. కొత్త చేతికి అసలు తగల్లేదు.

ఫలితం

ఎండాకాలంలో మొదలైన పని చవితి పందిళ్ళ నాటికి స్టేజీ ఎక్కింది. అదే గిటార్, అదే డీఐ బాక్సు, కొత్తగా కొన్నది ఒక గోళ్ళ కత్తెర. సౌండాయన్ని ఒక్కటే అడగమన్నాం: బేస్ చానల్లో ఈక్యూ తిన్నగా పెట్టి, అంతే వదిలెయ్యమని. రెండో పాటకి ఆయనే ఫేడర్ దించాల్సి వచ్చింది. మూడు గంటల ప్రోగ్రాం తర్వాత ముంజేయి అలసింది గానీ పట్టెయ్యలేదు. డి నోటు మూడు చోట్ల పరీక్ష మళ్ళీ రికార్డు చేస్తే ఇ తీగ పదో ఫ్రెట్ నోటు ఇప్పటికీ మిగతా రెంటికన్నా లావుగానే ఉంది. తీగ మందం తెచ్చే తేడా అది, చెయ్యి తీర్చలేదు. కానీ మూడూ ఒకే గిటార్ గొంతులా వినపడుతున్నాయి.

ఇతర కేసులకి పనికొచ్చేవి

బేస్ వినపడటం లేదని ఎవరొచ్చినా ఇప్పుడు ముందు టేపు తీసి సాడిల్ నుంచి వేళ్ళ దాకా కొలుస్తాం, తర్వాత ఎడమచెయ్యి ఎక్కువగా తిరిగే ఫ్రెట్లు అడుగుతాం. ఈ రెండు అంకెలతో నిష్పత్తి తెలిసిపోతుంది. ఆంప్ గురించి అడగడం ఆ తర్వాతే. సెంటీమీటర్లని గుడ్డిగా ఇంకో గిటార్‌కి ఎత్తిపెట్టకూడదు. 30 అంగుళాల చిన్న స్కేల్ బేస్ అయితే పొడవు 76.2 సెంటీమీటర్లు, 15 బదులు 13 పెట్టుకోవాలి. పికప్‌లు ఉన్న చోట్లు వేరు కాబట్టి బొటనవేలి ఆధారాలు మళ్ళీ వెతుక్కోవాలి. ప్రెసిషన్ నమూనాలో ఉన్నది ఒక్కటే పికప్, దాన్ని దాటితే బ్రిడ్జ్ దాకా ఆనడానికి ఏదీ ఉండదు. అక్కడ బొటనవేలు తీగల మీద వాలడం మొదటి రోజు నుంచే నేర్పాలి.

బలం, మణికట్టు, చోటు, సెటప్ అన్న వరస మాత్రం మార్చకూడదన్నది ఈ కేసు గట్టిగా చూపింది. ఆ రెండు వారాల బొబ్బ అందుకు సాక్ష్యం. చోటు మార్పు తక్షణం వినపడుతుంది కాబట్టి విద్యార్థికీ నేర్పేవాళ్ళకీ అక్కడే మొదలుపెట్టాలనిపిస్తుంది. ఆ ఆత్రం ఆపుకోవాలి.

23 సెంటీమీటర్ల చోటు చెడ్డదనే నిర్ణయానికి కూడా రావద్దు. తేలికైన చేత్తో, మొదటి మూడు ఫ్రెట్లలో, అక్కడ మీటితే వచ్చే గుండ్రని లావు గొంతు మెలోడీ పాటల పల్లవికి చాలా బాగుంటుంది. ఇప్పుడు అతను దాన్ని కావాలని వాడుతున్నాడు: పల్లవి రెండో ఆవృత్తి దాకా ఫ్రెట్‌బోర్డు చివర, డోలక్ అందుకోగానే 15 దగ్గరికి. మిగిలిన పని వేగం. నిమిషానికి 150 దాటిన పాటల్లో, ఎనిమిదో నోట్లు వరసగా వచ్చినప్పుడు, వేళ్ళు మళ్ళీ లోతుకి దిగుతున్నాయి, మధ్యవేలు మళ్ళీ పైచేయి అవుతోంది. మెట్రోనోమ్‌ని 120 దగ్గరికి దించి, మీటర్ ముందు కూర్చోబెట్టి, వారానికి 4 చొప్పున పెంచుతున్నాం.